తెలుగు అక్షరాన్ని విరగ్గొట్టిన పదాల ఆట గురించి ఫిర్యాదు

విజయనగరం

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: కొత్త అప్‌డేట్ తర్వాత మీ తెలుగు పదాల ఆట ఆడడానికి వీల్లేకుండా పోవడం, ఏడాది చందా.

అయ్యా,

మీ ఆటకి నేను చాలాకాలంగా చందా కడుతున్నాను. ఈమధ్య మీరిచ్చిన అప్‌డేట్‌తో ఆట పాడైపోయింది. కస్టమర్ కేర్‌కి రాస్తే, యాప్ తీసేసి మళ్ళీ వేసుకోమని ఇంగ్లీషులో రెండు లైన్ల జవాబొచ్చింది. అలాగే చేశాను. ఆట బాగుపడలేదు సరికదా, స్నేహితులతో సగంలో ఉన్న ఆటలన్నీ పోయాయి. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను. దయచేసి తెలుగు చదవడం, రాయడం బాగా వచ్చినవాళ్ళకి ఈ ఉత్తరం చూపించండి.

మేం నలుగురం ఒకే కాలేజీలో తెలుగు చదువుకున్నవాళ్ళం. ఒకామె శ్రీకాకుళంలో, ఒకామె బొబ్బిలిలో, ఇంకొకామె హైదరాబాదులో కూతురి దగ్గర ఉంటున్నారు. నేను ఇక్కడే విజయనగరంలో, మూడు లాంతర్ల కూడలి దగ్గర. అందరికీ గళ్ళ నుడికట్టు పిచ్చి. ఆధారం చివర్లో ‘తడబడింది’ అని, అంటే అక్షరాలు తారుమారు చేసి పదం పట్టుకోమని కనబడితే చాలు, భోజనం కూడా పక్కన పెట్టేసేవాళ్ళం. రాత్రి పనులయ్యాక నలుగురం మీ ఆటలో కలిసేవాళ్ళం. ‘గడప’ వస్తే ఎవరో ఒకరు ‘పడగ’ అనేవారు. ‘నవల’ని ‘వలన’ చేసేవారు, ‘పలక’ని ‘కలప’ చేసేవారు. ఒకసారి అరసవల్లి అక్షరాలు కలిపేసి ఇచ్చారు. వల్లి, రస, సర, వర అని మేం ముగ్గురం వెతుక్కుంటుంటే శ్రీకాకుళం ఆవిడ ‘సవర’ అని పెట్టేసింది. ఆ జిల్లా కొండల్లో ఉండే సవర గిరిజనులు ఆమెకి గుర్తొచ్చారు, మాకు రాలేదు. దాని మీద ఆ రాత్రి గంటసేపు ఫోన్లో మాట్లాడుకున్నాం. ఆట అంటే మాకు అదీ.

ఇప్పుడు అదే అరసవల్లి వస్తే తెర మీద ఐదు అక్షరాలకి బదులు ఎనిమిది ముక్కలు కనబడుతున్నాయి. అ, ర, స, వ, ల, ఆ తర్వాత ఒక పొల్లు, ఇంకో ల, చివర గుడి. పొల్లూ గుడీ చుక్కల సున్నా మీద వేలాడుతున్నాయి. బొబ్బిలి ఆవిడకి కంటి ఆపరేషన్ అయింది, ఏది గుడో ఏది గుడిదీర్ఘమో ఆమెకి కనబడదు. నాలుగు అక్షరాల శ్రీకాకుళం పది ముక్కలైంది. మా స్నేహితురాలు అది చూసి, “ఏటే ఇది, మా ఊరిని ఇలా విరగ్గొట్టేశారేటి!” అంది. ఆమె ఆట మానేసింది.

సమస్య ఎక్కడుందో హైదరాబాదు ఆవిడ అల్లుడు చెప్పాడు, అతను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాడు. ఫోన్లో తెలుగు యూనికోడ్ సంకేతాలుగా దాచి ఉంటుంది. హల్లుకో సంకేతం, గుణింతపు గుర్తుకో సంకేతం, పొల్లుకో సంకేతం. మీవాళ్ళు ఒక్కో సంకేతాన్నీ ఒక్కో అక్షరం అనుకుని బిళ్ళలు చేసేశారు. తెలుగువాడికి ‘స్త్రీ’ ఒక్క అక్షరం, మీ యాప్‌కి ఆరు. అందుకే ‘స్త్రీ’కి ఆరు పాయింట్లు, మూడక్షరాల ‘పడగ’కి మూడు. ఇంకా ఘోరం, ‘తార’ తడబడితే ‘రాత’ అవుతుందని ఒప్పుకుంటోంది. తా, ర అనే రెండు అక్షరాలని ఎలా తిప్పినా ‘రాత’ రాదు కదా!

ఇది చేయలేని పనేం కాదు. మీ పాత ఆటలోనే సరిగ్గా ఉండేది. సంయుక్తాక్షరాన్ని విడగొట్టకుండా ఒకే ముక్కగా చూసే నియమం 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగుకి కూడా చేరిందని ఆ అబ్బాయే చెప్పాడు.

బిళ్ళల పంపకం కూడా చూడండి. ఙ, ఞ ఎన్నిసార్లు వస్తున్నాయో ర, ల అన్నేసార్లు వస్తున్నాయి. ఇంగ్లీషు పదాల ఆట స్క్రాబుల్ తయారుచేసిన ఆల్ఫ్రెడ్ బట్స్ వార్తాపత్రికలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టాడు. అందుకే అందులోని 100 బిళ్ళల్లో ‘ఈ’కి 12, ‘క్యూ’కి ఒక్కటే. తెలుగుకి కూడా ఎవరో ఒకరు ఓపిగ్గా కూర్చుని లెక్కపెట్టాలి.

నిఘంటువు గురించీ చెప్పాలి. ‘చేయుచున్నాడు’ తీసుకుంటుంది, ‘చేస్తున్నాడు’ తప్పంటుంది. ‘గెడ్డ’ లేదంటుంది. మా జిల్లాల్లో వాగుని గెడ్డే అంటాం, ఆ పేరుతో ప్రాజెక్టులే ఉన్నాయి. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో పుట్టింది శ్రీకాకుళం ప్రాంతంలోనే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవ శుభాకాంక్షలంటూ మీ యాప్ నుంచి మాకు మెసేజ్ వచ్చింది. ఆయన పేరు తలచుకున్నవాళ్ళు జనం మాట్లాడే మాటని తప్పనడం నాకు బాధగా ఉంది.

ఈ అప్‌డేట్ రావడానికి కొద్దిరోజుల ముందే ఆటోపేలో ఏడాది చందా 399 రూపాయలు తీసుకున్నారు. నేను కట్టింది అక్షరాల ఆటకి. అక్షరాన్ని అక్షరంగా చూపించే పాత పద్ధతి మళ్ళీ తీసుకురండి, పోయిన మా ఆటలు మీ సర్వర్లో ఉంటే తిరిగి ఇవ్వండి. అది చేస్తే డబ్బు నాకు అక్కర్లేదు, చందా సంతోషంగా కొనసాగిస్తాను. చేయలేమంటే మొత్తం చందా వాపసు చేసి ఆటోపే రద్దు చేయండి.

2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. లేకపోతే 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను, ఆ తర్వాత ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. అరసవల్లి, శ్రీకాకుళం ముక్కలైన తెరల ఫొటోలు, చందా రసీదు, మీ కస్టమర్ కేర్ జవాబు దీనితో జతచేస్తున్నాను. జవాబు తెలుగులో ఇవ్వండి.

ఇట్లు,
మీ చందాదారు,
విజయనగరం