42వ రోజు తరువాత తల్లికి తోడెవరు?

సంపాదకులకు నమస్కారం.

మా ఇంట్లో ఇద్దరం కోడళ్లం. రెండేళ్ల కిందట పదహారు రోజుల తేడాలో మా ఇద్దరికీ పిల్లలు పుట్టారు. నాకు బాబు, మా తోటికోడలికి పాప. నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. తను పలాస-కాశీబుగ్గలో ఒక జీడిపప్పు కార్ఖానాలో కటింగ్ పని చేస్తుంది. నా కొడుకు ఏడాది దాటేదాకా నా పాలే తాగాడు. తన కూతురికి మూడో నెలలోనే డబ్బాపాలు మొదలయ్యాయి. ఏటా ఆగస్టు 1 నుంచి 7 దాకా తల్లిపాల వారోత్సవాల వార్తలు చదివినప్పుడల్లా ఈ తేడాయే నా కళ్లముందు మెదులుతుంది.

నిజానికి మొదట్లో బాగా కుదిరింది తనకే. తల్లి లేని పిల్ల కాబట్టి పురుడు బాధ్యత మా అత్తమ్మే చూసుకున్నారు. ప్రభుత్వ ఆసుపత్రిలో మామూలు కాన్పు. గంట తిరక్కుండానే నర్సమ్మ పాపను రొమ్ము మీద వేసి, పక్కనే నిలబడి ముర్రుపాలు పట్టించింది. ఇంటికొచ్చాక మంచినీళ్లపేట నుంచి చేపల బుట్టతో వచ్చే ఆవిడ దగ్గర అత్తమ్మ సొరచేప కొని వండిపెట్టారు. పాప నిండుగా తాగి నిద్రపోయేది.

నేను పుట్టింటి దగ్గర ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. సిజేరియన్ చేశారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి కాబట్టి నాలాంటి తల్లులు తక్కువేం కాదు. మత్తు దిగేసరికే బాబుకి డబ్బాపాలు పట్టేశారు. "నీకింకా పాలు పడలేదమ్మా" అన్నారు. మొదటి రెండు మూడు రోజులు చెంచాల లెక్కన వచ్చేవి ముర్రుపాలేననీ, గోళీకాయంత కడుపున్న బిడ్డకి అవే చాలనీ నాకెవరూ చెప్పలేదు. నాలుగో రోజుకి రొమ్ములు రాళ్లలా గడ్డకట్టాయి. జ్వరం వచ్చింది. బాబు నోరు పెట్టీపెట్టగానే ఏడ్చేవాడు, వాడితోపాటు నేనూ ఏడ్చేదాన్ని.

విశాఖపట్నంలో ఉండే మా చిన్నాన్న కూతురు ఒకావిడ నంబరు ఇచ్చింది. పాలివ్వడం నేర్పడమే ఆవిడ పని. వెయ్యి రూపాయలు పంపిస్తే గంటసేపు వీడియో కాల్‌లో నేర్పించారు. మా ఆయన ఫోన్ పట్టుకుని నిలబడ్డారు. కుట్లు ఒత్తుకోకుండా బిడ్డను చంక కింద ఎలా పట్టుకోవాలి, వాడు నోరు బాగా తెరిచేదాకా ఎలా ఆగాలి, చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లేలా, గడ్డం రొమ్ముకి ఆనేలా ఎలా దగ్గరికి తీసుకోవాలి, అన్నీ చెప్పారు. మూడు రోజుల్లో డబ్బా పక్కన పెట్టేశాను. ఆపైన 180 రోజుల జీతం సెలవు ఉండనే ఉంది.

అంటే పాలు బాగా పడిన తల్లికి డబ్బా వచ్చింది, పాలే పడవన్న తల్లి ఏడాది ఇచ్చింది. మా ఇద్దరి మధ్యా తేడా ఒంట్లో లేదు.

ఆసుపత్రిలో కాన్పయిన తల్లి దగ్గరికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వచ్చి చూడాలి. మా వీధి ఆశా ఒక్కసారీ తప్పలేదు, ఆ మాట రాయకపోతే అన్యాయం. ఆ తరువాత మళ్లీ వచ్చేది మూడో నెలలో. మా తోటికోడలు పనిలోకి వెళ్లింది 45వ రోజున. తనకి తోడు అవసరమైన రోజులన్నీ సరిగ్గా ఆ ఖాళీలోనే పడ్డాయి.

కూలి కిలోల లెక్క మీద. కాలితో తొక్కే యంత్రం ముందు కూర్చుని గింజ తరవాత గింజ చీల్చాలి. జీడి పెంకులోంచి వచ్చే నూనె తగిలితే చర్మం కాలి నల్లబడిపోతుంది. బూడిద రాసుకుని పని చేస్తారు. సాయంత్రం ఇంటికి రాగానే కొబ్బరినూనె, సబ్బు పెట్టి అరగంట రుద్దుకున్నాక కూడా తనకి భయం పోయేది కాదు. "అప్పా, ఈ చేతుల్తో పిల్లనెలా ముట్టుకోనప్పా" అని నాకు ఫోన్లో ఏడ్చింది.

అత్తమ్మ రెండు రోజులు మధ్యాహ్నం పాపను ఎత్తుకుని కార్ఖానాకి తీసుకెళ్లారు. గేటు బయట, లారీల పక్కన కూర్చుని పాలివ్వాలి. ఆ అరగంటలో కొట్టాల్సిన గింజలు తగ్గితే కూలి తగ్గుతుంది. మూడో రోజు నుంచి వద్దంది. పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోతే మరుగుదొడ్డిలో పిండి పారబోసేది. పిండిన పాలు శుభ్రమైన స్టీలు గిన్నెలో మూతపెట్టి ఉంచితే బయట నాలుగు గంటల దాకా పనికొస్తాయనీ, అత్తమ్మ ఉగ్గుగిన్నెతో పట్టొచ్చనీ ఆ వీడియో కాల్‌లో నేర్చుకున్నది నేను చెప్పాను. ఏ గదిలో కూర్చుని పిండుకోవాలి, చేతుల జిడ్డు ఎక్కడ కడుక్కోవాలి అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

బిడ్డ తాగేకొద్దీ పాలు ఊరతాయి. రోజూ ఎనిమిది గంటల పాటు బిడ్డ తాగకుండా ఉండిపోతే తగ్గుతాయి. మూడో నెలలో ఆశా వచ్చిన రోజు తను పనిలో ఉంది, అత్తమ్మే జవాబులు చెప్పారు. నాలుగో నెలలో నేను అత్తింటికి వచ్చేసరికి ఇంట్లో సీసా ఉంది. నాలుగు వందలు పైబడిన డబ్బా వారం రావాలని పొడి తగ్గించి నీళ్లు ఎక్కువ కలుపుతున్నారు. నేను పాలివ్వబోతే పాప మొహం తిప్పేసుకుంది. మరో వారానికి విరేచనాలు పట్టుకుని మూడు రోజులు సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఆ మూడు రోజులూ తల్లికి కూలి లేదు. పైగా వీధిలో ఆడవాళ్లు "నీకు పాల్లేవా" అని అడిగితే తలదించుకునేది. పాలు లేక కాదు, ఇచ్చే వీలు లేక.

చట్టం లేదా అంటే ఉంది. తిరిగి పనిలో చేరిన తల్లికి బిడ్డకి 15 నెలలు నిండేదాకా రోజుకి రెండుసార్లు పాలిచ్చేందుకు విడిగా విరామం ఇవ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలోనే రాశారు. 2017 సవరణతో 26 వారాల వేతన సెలవు వచ్చింది, 50 మంది అంతకు పైన పనిచేసే చోట పిల్లల సంరక్షణ గది తప్పనిసరైంది. ఆ సెలవుకి, కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. మా తోటికోడలు అక్కడ ఆరేళ్లుగా పనిచేస్తోంది. తూకం పుస్తకంలో తప్ప తన పేరు ఏ రిజిస్టర్లోనూ లేదు. 50 మంది లేని చిన్న యూనిట్లలో గది ఊసే రాదు.

1992 చట్టం డబ్బాపాల ప్రకటనలను, ఉచిత శాంపిళ్లను నిషేధించింది. చాలా మంచి పని. కానీ ప్రకటన ఆపడం ఒకెత్తు, తల్లి పక్కన కూర్చుని నేర్పడం ఒకెత్తు. 2016లో కేంద్రం 'మా' పేరుతో మొదలుపెట్టిన తల్లిపాల కార్యక్రమం ఆశాలకు, ఏఎన్ఎంలకు ఈ శిక్షణ కోసమే వచ్చింది. ఆ శిక్షణ ప్రైవేటు ఆసుపత్రుల నర్సులకీ అందాలి. తల్లి కూలి పనికి వెళ్లిన మొదటి వారంలో, సాయంత్రం పూట గానీ ఆదివారం గానీ, ఆశా ఒక్కసారి ఇంటికి రావాలి. అదనంగా తిరిగినందుకు ఆమెకీ డబ్బు ఇవ్వాలి.

పలాస, కాశీబుగ్గ కార్ఖానాల యజమానులను నేను అడిగేది ఒక్కటే. ఎవరికి వారు గది కట్టలేకపోతే దగ్గరదగ్గరగా ఉన్న నాలుగైదు యూనిట్లు కలిసి ఒక్క గది తెరవండి. తలుపు, కుళాయి, సబ్బు, పిల్లల్ని చూసే ఒక ఆయా ఉంటే చాలు. పాలిచ్చిన అరగంటకి కూలి కోయకండి. మున్సిపాలిటీ, కార్మిక శాఖ అధికారులు కూడా ఒకసారి మధ్యాహ్నం పూట ఆ గేట్ల దగ్గర నిలబడి చూడాలని వేడుకుంటున్నాను.

మా తోటికోడలికి ఇప్పుడు మళ్లీ ఐదో నెల. కాన్పయ్యాక ఎన్నో రోజుకి పనిలోకి వెళ్లాలో ఇప్పటి నుంచే వేళ్ల మీద లెక్కపెట్టుకుంటోంది.

ఇట్లు,
ఒక ప్రభుత్వ ఉపాధ్యాయురాలు,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా.