మీ కొలతల్లో కొన్ని సగమే చూపించాయి, తప్పు మాదే

మా డిజిటల్ మైక్రోస్కోప్ కొన్నవాళ్లందరికీ నమస్కారం.

నాన్చకుండా చెప్పేస్తాను. మేమిచ్చిన ప్రోగ్రాంలో మీరు స్క్రీన్ మీద గీత గీసి కొలిచిన కొలతల్లో కొన్ని అసలు సైజులో సగమే వచ్చాయి. మైక్రోస్కోప్ పాడవలేదు, లెన్సులు బాగానే ఉన్నాయి. తప్పంతా మేం ముందే ఎక్కించి పంపిన క్యాలిబ్రేషన్ ఫైల్‌ది (బొమ్మలో ఒక్కో పిక్సెల్ అసలు ఎంత పొడవో ప్రోగ్రాంకి చెప్పే ఫైల్), అంటే మాది.

దీన్ని మేం పట్టుకోలేదు. కాలేజీలో పాఠాలు చెప్పే ఒక మేడమ్ పట్టుకున్నారు. లీష్మన్ స్టెయిన్ అనే రంగు వేసిన రక్తం స్మియర్‌ను, అంటే స్లైడ్ మీద పల్చగా పూసిన రక్తాన్ని, 40ఎక్స్ లెన్స్ కింద పెట్టి పిల్లలతో ఎర్ర రక్తకణాలు కొలిపించారట. ఒక్కొక్కటి 3.7, 3.8 మైక్రాన్లు వస్తోంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). "ఏడెనిమిది మైక్రాన్లు ఉండాలి కదండీ, ఇవేంటి ఇంత చిన్నగా ఉన్నాయి?" అని మెసేజ్ పెట్టారు. స్మియర్ సరిగ్గా ఆరక కణాలు ముడుచుకుని ఉంటాయని నేను జవాబిచ్చాను. కనీసం ఆవిడ పంపిన ఫొటో కూడా తెరిచి చూడలేదు. ఆవిడ వాదించలేదు. మర్నాడు పారదర్శకంగా ఉండే మామూలు ప్లాస్టిక్ స్కేలును 4ఎక్స్ కింద పెట్టి ఇంకో ఫొటో తీసి పంపారు. స్కేలు మీద సరిగ్గా ఒక మిల్లీమీటరు. మా ప్రోగ్రాం దానికి చూపించిన అంకె 0.5. కణాలు ముడుచుకుంటాయంటే సరే, స్కేలు ముడుచుకోదు కదా.

ఆ ఫొటో చూశాక పది నిమిషాల్లో కారణం దొరికింది. మా కెమెరా పూర్తి సైజు 2592 బై 1944 పిక్సెళ్లు. మా బల్ల మీద క్యాలిబ్రేషన్ చేసింది ఆ సైజులో. 40ఎక్స్‌కి ఒక్కో పిక్సెల్ 0.11 మైక్రాన్ అని లెక్క తేల్చి సేవ్ చేశాం. మీరు ప్రోగ్రాం తెరవగానే లైవ్‌లో వచ్చే బొమ్మ మాత్రం 1296 బై 972, అంటే అందులో సగం. ఆ సెట్టింగ్ పెట్టిందీ మేమే. యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో పూర్తి సైజు బొమ్మ సెకనుకు మూడు నాలుగు ఫ్రేములకు మించి రావడం లేదు, స్లైడ్ జరిపితే ఆగి ఆగి కదులుతోంది, అందుకని తగ్గించాం. అంతే వెడల్పు దృశ్యం సగం పిక్సెళ్లలో ఇమిడినప్పుడు ఒక్కో పిక్సెల్ విలువ 0.22 మైక్రాన్ అవ్వాలి. ఆ సంగతి ప్రోగ్రాంకి ఎవరూ చెప్పలేదు. 34 పిక్సెళ్లున్న కణాన్ని తీసుకెళ్లి 0.11తో గుణించి 3.7 అని చూపించింది.

అప్‌డేట్‌లో కొత్త ఫైల్ ఒకటి తోసేసి, తేలు కుట్టిన దొంగలా ఊరుకుందామా అని కాసేపు అనిపించిన మాట నిజం. కానీ ఆ అంకెలు ఇప్పటికే కొందరి రికార్డుల్లోకి, ప్రాజెక్టు రిపోర్టుల్లోకి ఎక్కి ఉంటాయి. కొత్త ఫైల్ పాత కాగితాన్ని దిద్దలేదు.

కాబట్టి మీ పాత ఫొటోలు ఒకసారి తీయండి. ఫైల్ ప్రాపర్టీస్‌లో సైజు చూడండి. 2592 బై 1944 ఉంటే ఆ కొలత సరైనదే, ముట్టుకోకండి. 1296 బై 972 ఉంటే, లేదా ఫొటో తీయకుండా లైవ్‌లోనే కొలిచి ఉంటే, పొడవులన్నీ రెండుతో గుణించాలి. వైశాల్యం కొలిచినవాళ్లు నాలుగుతో గుణించాలి. కేవలం కణాలు లెక్కపెట్టినవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. కానీ 'ఇంత వైశాల్యంలో ఇన్ని' అని లెక్క వేసి ఉంటే మీ సాంద్రత నాలుగు రెట్లు ఎక్కువ వచ్చి ఉంటుంది. ఇంకొకటి, దీన్ని నేనే ఆలస్యంగా గమనించాను: సగం సైజు ఫొటో మూలన ప్రోగ్రాం వేసిన స్కేల్ బార్ కూడా తప్పే. 10 మైక్రాన్లు అని రాసి ఉన్న గీత నిజానికి 20. అలాంటి ఫొటో ఎక్కడైనా అచ్చు వేయించి ఉంటే మాకు రాయండి. తప్పు ఫలానా ఫైల్ వల్ల జరిగిందని ఉత్తరం రాసిస్తాం, మీ గైడ్‌కో ప్రిన్సిపల్‌కో చూపించుకోవచ్చు.

ఇకమీదట ముందే ఎక్కించిన క్యాలిబ్రేషన్ ఇవ్వం. 'పెట్టె తెరవగానే కొలవచ్చు' అని గొప్పగా రాసుకున్నాం, ఆ మాట తీసేశాం. అందరికీ ఒక స్టేజ్ మైక్రోమీటర్ పంపుతున్నాం. అది మామూలు స్లైడ్ లాంటి గాజుపలకే. మధ్యలో ఒక మిల్లీమీటరు పొడవును 100 భాగాలు చేసి సన్నటి గీతలు చెక్కి ఉంటాయి. ఒక్కో భాగం 10 మైక్రాన్లు.

దాన్ని వెతుక్కోవడమే మొదటి తలనొప్పి. కంటికి సరిగా ఆనదు. చుట్టూ ఒక వలయం ఉంటుంది, దాన్ని వెలుగు మీదకు తెచ్చి 4ఎక్స్‌తో మొదలుపెట్టండి. గీతలు కనపడకపోతే స్లైడ్ మీదకు వెలుగును కూర్చే కండెన్సర్ కింద, ఆ వెలుగును తగ్గించే ఐరిస్ ఉంటుంది, దాన్ని కాస్త మూయండి. కాంట్రాస్ట్ పెరిగి గీతలు తేలతాయి. దొరికాక గీతలు స్క్రీన్ అంచుకు నిటారుగా వచ్చేలా కెమెరాను ట్యూబ్‌లో కొంచెం తిప్పండి. తర్వాత 10ఎక్స్, 40ఎక్స్. 40ఎక్స్‌లో 28 భాగాల దాకా కనిపిస్తాయి. అందులో 20 భాగాల మీదుగా గీత గీసి 200 మైక్రాన్లు అని టైప్ చేయండి. గీతలకూ మందం ఉంటుంది. మొదటి గీత ఎడమ అంచు నుంచి మొదలుపెడితే చివరి గీత కూడా ఎడమ అంచు దగ్గరే ఆపాలి. మేం మొదట్లో లోపలి అంచు నుంచి లోపలి అంచుకు గీసి, ప్రతిసారీ అంకె ఎందుకు మారుతోందా అని ఒక సాయంత్రమంతా జుట్టు పీక్కున్నాం.

ఇది ప్రతి అబ్జెక్టివ్‌కీ (స్లైడ్ వైపు ఉండే లెన్స్) విడిగా, రెండు బొమ్మ సైజులకూ విడిగా చేయాలి. 4, 10, 40, 100 కలిపి ఎనిమిది ఎంట్రీలు. అవునండీ, విసుగే. పేర్లు '40ఎక్స్ పెద్దది', '40ఎక్స్ చిన్నది' అని పెట్టుకుంటే కొలిచేటప్పుడు తికమక ఉండదు. 40ఎక్స్‌లో మీ అంకె పెద్ద సైజుకు 0.11కి, చిన్న సైజుకు 0.22కి కాస్త అటూ ఇటూ వస్తే కంగారు పడకండి, మీదే లెక్క. వాటికి సగమో రెట్టింపో వస్తేనే ఎక్కడో పొరపాటు జరిగినట్టు. ప్రోగ్రాం 7.43 అని రెండు దశాంశాలు చూపిస్తుంది, అంత నమ్మకండి. 40ఎక్స్ లెన్స్ విడదీసి చూపగలిగేదే సుమారు అర మైక్రాన్.

సందు దొరికింది కాబట్టి ఇంకో విషయం కూడా ఒప్పేసుకుంటాను. పెట్టె మీద '2000ఎక్స్' అని వేయించాం. 100ఎక్స్ అబ్జెక్టివ్‌ను, కన్ను పెట్టి చూసే 20ఎక్స్ ఐపీస్‌తో గుణిస్తే లెక్క ప్రకారం వస్తుంది, అబద్ధం కాదు. కానీ లెన్స్ ఎంత సన్నటి వివరాన్ని విడదీసి చూపగలదో చెప్పే ఎన్.ఏ. అని ఒక అంకె ఉంటుంది, మన 100ఎక్స్‌కి అది 1.25. దానికి వెయ్యి రెట్లు, అంటే 1250 దాటాక బొమ్మ పెద్దదవుతుందే తప్ప కొత్త వివరం ఒక్కటీ కనపడదు. స్క్రీన్ సంగతి ఇంకా విచిత్రం. 40ఎక్స్‌లో మన కెమెరాకు అందే దృశ్యం వెడల్పు 0.285 మిల్లీమీటర్లు. అది మీ మానిటర్ మీద 50 సెంటీమీటర్ల వెడల్పున పరుచుకుంటే 1750 రెట్ల పైచిలుకు. ప్రొజెక్టర్‌కి తగిలిస్తే ఇంకెంతో. అందుకే ఫొటో కింద ఎన్ని ఎక్స్ అని రాయడం కన్నా, సరైన స్కేల్ బార్ వేయడం మేలు. కొత్త పెట్టెల మీద 2000 తీయించాం. 20ఎక్స్ ఐపీస్ కూడా ఇక రాదు, నాకది మొదటి నుంచీ నచ్చలేదు.

వాపసు వచ్చిన వాటి గురించి కూడా రెండు మాటలు. '40ఎక్స్ ఫోకస్ కావడం లేదు' అని ఒకాయన పంపిస్తే కొత్త అబ్జెక్టివ్ వేసి ఇచ్చాం. మళ్లీ అదే మాట. వీడియో కాల్‌లో చూస్తే స్లైడ్ బోర్లా ఉంది, వస్తువు మీద కప్పే పల్చటి గాజు (కవర్ స్లిప్) కిందికి. 4, 10 ఎక్స్‌లలో బొమ్మ చక్కగానే వస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. 40ఎక్స్‌కి, వస్తువుకి మధ్య ఉండాల్సిన ఎడం దాదాపు 0.6 మిల్లీమీటర్లు. బోర్లా పడిన స్లైడ్ గాజు మందమే ఒక మిల్లీమీటరు. ఎంత తిప్పినా అందదు. మొదటిసారే స్లైడ్ ఎటు పెట్టారని అడగాల్సింది నేను. ఇంకొన్నిటిలో, 100ఎక్స్ కోసం స్లైడ్ మీద వేసే ఆయిల్ 40ఎక్స్ కొనకు అంటుకుని ఎండిపోయి ఉంది. 100ఎక్స్‌తో చూశాక అదే స్లైడ్ మీద 40కి తిప్పితే అది నూనెలో ఈదుకుంటూ వస్తుంది. ముందు ఆయిల్ తుడవండి, లెన్స్ పేపర్‌తోనే, చొక్కా కొంగుతో కాదు. ఈ రెండూ కొత్త సూచనల కాగితంలో మొదటి పేజీలోనే వేశాం.

మైక్రోమీటర్లు అందరికీ ఒకేసారి పంపలేం. ఇక్కడ ప్యాకింగ్ చేసేది ఇద్దరమే, పైగా ప్రతి పలకనూ మా దగ్గర ఒకసారి చూసి మరీ పంపుతున్నాం. కొలతల పని నడుస్తున్నవాళ్లకు ముందు. మీది అలాంటి పనే అయితే ఆర్డర్ నంబరుతో ఒక్క లైను రాయండి చాలు, కారణం వివరించక్కర్లేదు. ఊరికే చూడటానికి వాడుకునేవాళ్లు కాస్త ఓపిక పట్టాలి. పలక తిరిగి పంపనక్కర్లేదు, మీ దగ్గరే ఉంచుకోండి. మొదటిది ఆ మేడమ్‌కే వెళ్లింది. కొత్తగా కొలిస్తే 7.4 వచ్చిందని నిన్న ఫొటో పెట్టారు, పక్కనే నా పాత జవాబు స్క్రీన్‌షాట్ కూడా.