పాత సంఘాల రిజిస్టర్లను కాపాడండి

సంపాదకులకు,

అయ్యా,

మన జిల్లాల్లో నూరేళ్లు దాటిన మిషన్ బడి ఏదైనా వార్షికోత్సవం చేసుకుంటే, స్థాపకుడైన దొర పటానికి దండ వేసి, ఆయన త్యాగం గురించి నాలుగు మాటలు చెప్పి కథను అక్కడితో ముగించడం ఆనవాయితీ అయింది. పాత విద్యాసంస్థల మీద పత్రికల్లో అప్పుడప్పుడు వచ్చే వ్యాసాలూ ఇదే బాటలో నడుస్తున్నాయి. ఆ దొరల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. వారి పక్కన నిలిచిన తెలుగువారి బతుకులకు ఆధారాలు పాత క్రైస్తవ సంఘాల బాప్తిస్మ రిజిస్టర్లలో ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయనీ, అవి మన కళ్లముందే చెదల పాలవుతున్నాయనీ, వాటిని కాపాడే పనిని రాష్ట్ర ఆర్కైవ్స్ శాఖ, సంఘాల పెద్దలు కలిసి చేపట్టాలనీ విన్నవించుకోవడానికే ఈ లేఖ రాస్తున్నాను.

మా మచిలీపట్నం సంగతే తీసుకుందాం. కేంబ్రిడ్జిలో చదువుకున్న రాబర్ట్ నోబుల్, ఆయన సహచరుడు హెన్రీ ఫాక్స్ 1841లో మిషనరీలుగా ఇక్కడికి వచ్చారు. ఫాక్స్ ఊళ్ల వెంట తిరుగుతూ బోధించేవారు. నోబుల్ 1843లో బడి తెరిచారు. నేటి నోబుల్ కళాశాలకు అదే మొదలు. ఫాక్స్ 1845లో భార్యను పోగొట్టుకుని, తానూ ఆరోగ్యం చెడి, 1848లో ఇంగ్లండులో ముప్పై దాటీ దాటకుండానే కన్నుమూశారు. నోబుల్ మాత్రం ఇరవై నాలుగేళ్లపాటు ఒక్కసారైనా స్వదేశానికి వెళ్లకుండా, 1864 నవంబరులో సముద్రం ఊరి మీదికి వచ్చి సుమారు ముప్పై వేలమందిని మింగిన ఉప్పెనను కూడా చూసి, మరుసటి ఏడాది అక్టోబరులో ఈ ఊళ్లోనే పోయారు. ఈ ఇద్దరి జీవితచరిత్రలనూ వారి వారి సోదరులే రాసి ఇంగ్లండులో అచ్చువేయించారు. కాబట్టి వారు ఏమి ఆలోచించారో, ఎవరికి ఏ ఉత్తరం రాశారో ఈనాటికీ చదువుకోగలుగుతున్నాం.

ఇక 1852లో ఏమి జరిగిందో చూడండి. నోబుల్ బడి విద్యార్థులు ఇద్దరు, మంచాల రత్నం అనే బ్రాహ్మణ యువకుడు, అయినాల భూషణం అనే వెలమ యువకుడు బాప్తిస్మం పుచ్చుకున్నారు. ఊరు అట్టుడికిపోయింది, బడి దాదాపు ఖాళీ అయింది. ఆ రోజు నోబుల్ పడిన వేదన పుస్తకానికెక్కింది. రత్నం ఇంట్లో ఆ రాత్రి తల్లి ఏమన్నదో, భూషణం బంధువులు మళ్లీ ఎప్పుడైనా ఆయనను గడప తొక్కనిచ్చారో రాసిపెట్టిన వారు నాకు ఇంతవరకు కనబడలేదు. తర్వాత ఇద్దరూ గురుపట్టం పొంది, అంటే పాదిరులై, ఈ ప్రాంతంలోనే పనిచేశారు. వారి పేర్లు ఎప్పుడూ దొర కథలో ఒక పేరాగానే వస్తాయి. అదే బడిలో చదివి, కేంబ్రిడ్జిదాకా వెళ్లి పాదిరి అయిన జానీ ఆలీ అనే ముస్లిం విద్యార్థి గతీ ఇంతే.

మిషన్‌కు చందాలిచ్చే ఇంగ్లండు పాఠకులను దృష్టిలో పెట్టుకుని రాసిన పుస్తకాల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. అగ్రవర్ణాల పిల్లలను రప్పించాలన్న పట్టుదలతో నోబుల్ మొదట్లో మాల, మాదిగ పిల్లలకు తన బడి తలుపు తెరవలేదు. ఇది దాచిన విషయమేమీ కాదు, కాని దండ వేసే వేళ ఎవరూ ఎత్తరు. ఆ తలుపు బయట ఉన్నవారి నుంచే తర్వాతి కథ నడిచింది. బెజవాడలో ఉన్న మిషనరీ డార్లింగ్ దొర దగ్గరకు రాఘవాపురం నుంచి పగోలు వెంకయ్య అనే మాల పెద్ద తనంతట తానే వెతుక్కుంటూ వచ్చి 1859లో బాప్తిస్మం పొందారు. ఆ తర్వాత కృష్ణాతీరపు పల్లెల్లో సంఘాలు పుట్టిన తీరు నోబుల్ ఊహించినదానికి పూర్తిగా వేరు. నా మట్టుకు నాకు వెంకయ్య జీవితం నోబుల్ జీవితం కంటే ఏమాత్రం చిన్నదిగా తోచదు.

రిజిస్టర్ల మాటకు వస్తాను. కిందటేడు మా అమ్మమ్మ తరపు పూర్వీకుల వివరాల కోసం ఒక పల్లెలోని సంఘానికి వెళ్లాను. అక్కడి పాదిరి గురువుగారు మంచం కింది నుంచి ఇనుప పెట్టె లాగి, గుడ్డలో చుట్టిన పొడుగాటి పుస్తకం తీశారు. తేదీ, పేరు, తల్లిదండ్రులు, ఊరు, వృత్తి, బాప్తిస్మమిచ్చిన వారి సంతకం అంటూ గళ్లు గీసి ఉన్నాయి. ఒకే తేదీ కింద ఒక ఇల్లు మొత్తం ఉంది: భర్త, భార్య, ముగ్గురు పిల్లలు, వయసు గడిలో "సుమారు 60" అని రాసిన ముసలమ్మ. పాత పేరు పక్కన కొత్త పేరు. కొందరికి కొత్త పేరు రాసి, మళ్లీ కొట్టేసి, పాత పేరే ఉంచారు. ఎందుకో ఆ రాసిన చేతికే తెలియాలి. నాకు కావలసిన పుటలు తిప్పేలోపే అంచులు పొడిగా రాలి నా వేళ్లకు అంటుకున్నాయి.

ఫొటో తీసుకోనివ్వమని అడిగితే గురువుగారు మర్యాదగానే వద్దన్నారు. ఆయన భయం న్యాయమైనదే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులుగా నమోదైన దళితులకు ఎస్సీ హోదా ఉండదు కనుక, ఈ పుస్తకం ఎవరి చేతిలోనైనా పడితే ఏ పిల్లవాడి కుల ధ్రువపత్రానికి ఎసరు వస్తుందోనని ఆయన జంకు. కాబట్టి నేను కోరుతున్నది హద్దు గల పని. నూరేళ్లు దాటిన నమోదులను మాత్రమే, సంఘం పెద్దల ఎదుటనే, ఆ ఊళ్లోనే ఫొటోలు తీయాలి. అసలు పుస్తకం పెట్టెలోనే ఉండాలి. ఒక ప్రతి ఆర్కైవ్స్‌లో, ఒక ప్రతి సంఘంలో ఉంచి, పరిశోధకులు సంఘం అనుమతితో చూడవచ్చునన్న నియమం పెట్టాలి. ధ్రువపత్రాల విచారణకు వాటిని వాడరాదని రాతపూర్వకంగా హామీ ఇస్తే చాలామంది పెద్దలు ఒప్పుకుంటారని నా నమ్మకం. పాత సమాధుల మీది తెలుగు రాతలను కూడా ఇదే పనిలో కలుపుకోవచ్చు. ఉప్పుగాలికి మా ఊళ్లో అక్షరాలు ఎలా చెరిగిపోతాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు.

ఖర్చుకు జడిసే పనీ కాదిది. ఒక కెమెరా, ఇద్దరు తెలుగు చదవగల కుర్రాళ్లు, ఒక వేసవి సెలవులు చాలు, కృష్ణా జిల్లా పల్లెల్లో మొదలుపెట్టడానికి. శాఖవారు ముందుకు వస్తే, నాకు పరిచయమున్న సంఘాల పెద్దలతో మాట్లాడే బాధ్యత నాది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మచిలీపట్నం