విజయవాడ వరద సహాయ నిధి: జమా ఖర్చుల వివరణ

దాతలకు, తోటి సిబ్బందికి, పట్టణ ప్రజలకు నమస్కారం.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం మునిగినప్పుడు మన పట్టణ నీటి సరఫరా, మురుగునీటి విభాగాల నుంచి పదహారు మందిమి సహాయానికి వెళ్లాము. 4వ తేదీన బయలుదేరి 12న పని ముగించాము. లెక్క చెప్పడంలో ఆలస్యమైంది, క్షమించండి. అద్దె యంత్రం తుది బిల్లు నవంబరు చివరికి గాని మా చేతికి రాలేదు. ఈలోగా "డబ్బు ఏమైంది" అన్న మాట పుట్టింది కాబట్టి అన్నీ విప్పి రాస్తున్నాము.

జమ:
రెగ్యులర్ సిబ్బంది ఒక రోజు జీతం: 61,500
ఔట్‌సోర్సింగ్ సిబ్బంది (అడగకుండానే ఇచ్చారు): 18,400
వ్యాపారులు, అపార్ట్‌మెంట్ సంఘాలు: 60,000
విదేశాల్లోని మన ఊరివారు: 52,000
మొత్తం: 1,91,900 రూపాయలు

ఖర్చు:
రెండు ట్యాంకర్లు, ఒక వ్యాను, డీజిల్: 38,600. ఇందులో 3,200 రూపాయల బిల్లు వానలో తడిసి చదవడానికి వీలు లేకుండా పోయింది. దానికి బదులు ముగ్గురు సభ్యుల సంతకాలతో వోచరు ఉంది.
భోజనాలు, మనిషికి రోజుకు 170 చొప్పున: 24,480
గమ్ బూట్లు, చేతి తొడుగులు, టీటీ (ధనుర్వాతం) ఇంజెక్షన్లు, మందులు: 21,900
బ్లీచింగ్ పొడి, క్లోరిన్ మాత్రలు, క్లోరోస్కోపులు (నీటిలో క్లోరిన్ ఉందో లేదో చూసే పరీక్ష పెట్టెలు): 27,350. ఇంత పొడి ఎందుకని అడిగారు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు అన్నది మామూలు రోజుల లెక్క. వరద నీరు చేరిన సంపును ఖాళీ చేసి, గోడలు రుద్ది, ఘాటైన ద్రావణంతో కడిగి, మళ్లీ నింపాలి. పైపులో ఒత్తిడి లేనప్పుడు ప్రతి లీకూ చుట్టూ ఉన్న మురుగును లోపలికి పీల్చుకుంటుంది. అందుకే కుళాయి దగ్గర పరీక్ష నీటిలో క్లోరిన్ ఉందని తెలిపే పసుపు రంగు కనిపించేదాకా ఆ నీరు తాగవద్దని ఇంటింటికీ చెప్పాము.
గొట్టాల జాయింట్లు: 9,750. మన ట్యాంకర్ గొట్టాల మూతికీ అక్కడి కవాటాలకూ పొంతన కుదరలేదు. వరదలో బేరమాడే వీలు లేదు, దొరికిన ధరకే కొన్నాము.
జెట్టింగ్ యంత్రం (మురుగు లైన్లను నీటి ఒత్తిడితో కొట్టి, బురద పీల్చేది) అద్దె: 78,000

అసలు వివాదం ఈ చివరి పద్దు మీదే: మన యంత్రం ఉండగా అద్దె ఎందుకు, తెచ్చాక మూడు రోజులు ఊరికే ఎందుకు నిలిపారు అని. మన పట్టణంలో అలాంటి యంత్రం ఒక్కటే ఉంది. వానాకాలంలో దాన్ని పంపి, ఇక్కడ మ్యాన్‌హోళ్లు పొంగితే మీకేం సమాధానం చెప్పాలి? అందుకే బయట అద్దెకు తీసుకున్నాము. అది 5న అక్కడికి చేరింది. 5, 6, 7 తేదీల్లో కదలకుండా నిలబడిన మాట నిజం. వీధిలో నీరు నిలిచి ఉండగా మ్యాన్‌హోల్‌లోంచి ఎంత పీల్చినా అంతా తిరిగి అందులోకే వస్తుంది. గండ్లు పూర్తిగా పూడింది 7న. ఆ మూడు రోజులూ మనవాళ్లు ఖాళీగా కూర్చోలేదు, సంపులు కడిగారు, ట్యాంకర్లతో నీరు పంచారు. యంత్రాన్ని వెనక్కి పంపితే మళ్లీ దొరికేది కాదు, రాష్ట్రమంతటి నుంచీ యంత్రాలను అక్కడికే పిలుస్తున్నారు. యజమానిని బతిమాలి ఆ మూడు రోజులకు సగం అద్దెకు, అంటే 18,000కు ఒప్పించాము. నీరు తీసిన వీధుల్లో 8 నుంచి 12 వరకు రోజుకు 12,000 చొప్పున 60,000 అయింది.

ఆ అయిదు రోజుల్లో చివరి రెండు అనవసరమని కొందరు అంటున్నారు. 10న ఒక లైను బురదతో గట్టిగా బిగుసుకుపోయింది. ఇద్దరు మనుషులను లోపలికి దింపితే పూట పని అని అక్కడే ఒకరు సలహా ఇచ్చారు. మేము ఒప్పుకోలేదు. కుళ్లిన బురదలో విషవాయువు ఉంటుంది, రెండు శ్వాసల్లో మనిషి కూలిపోతాడు. రక్షణ సామగ్రి లేకుండా అలా దింపడం మనుషులతో పాకీ పని చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం కూడా. యంత్రంతోనే రెండు వైపుల నుంచీ కొట్టి రెండు రోజుల్లో తెరిచాము. ఆ 24,000 ఖర్చు చేయాలన్న నిర్ణయం కమిటీది, సంతకాలూ మావే. రేపు మళ్లీ అదే పరిస్థితి వచ్చినా అదే చేస్తాము.

ఈ ఖర్చులు చందాల మీద పడటానికి ఒక కారణం ఉంది. అమెరికాలో నీటి, మురుగునీటి సంస్థలు వార్న్ పేరుతో రాష్ట్రాల వారీగా ముందే ఒప్పందం రాసుకుంటాయి. సహాయానికి వెళ్లినవారి జీతం, యంత్రం, డీజిల్ ఎవరు భరించాలో అందులోనే ఉంటుంది. మన చేతిలో అలాంటి కాగితం లేదు. ఫోను వచ్చింది, వెళ్లాము.

మొత్తం ఖర్చు 2,00,080. జమ కన్నా 8,180 ఎక్కువ. ఆ మొత్తం యంత్రం యజమానికి ఇంకా బాకీ ఉన్నాము. ఆయన రెండుసార్లు ఫోను చేశారు, గట్టిగా మాట్లాడలేదు, అదే మాకు మరింత కష్టంగా ఉంది.

సభలో నిలబడి ప్రకటించినా నేటికీ అందని హామీలు 35,000 ఉన్నాయి. పేర్లు రాయడం లేదు. ఇవ్వవలసినవారికి తెలుసు. జీతం తక్కువైనా ఔట్‌సోర్సింగ్ సిబ్బంది మొదటి రోజే ఇచ్చారని మాత్రం గుర్తు చేస్తున్నాము. హామీలు వసూలైతే ముందు బాకీ తీర్చి, మిగిలినది ఎలా వాడాలో సిబ్బంది సమావేశంలో అడుగుతాము.

రసీదులు, వోచర్లు, రోజువారీ పని పుస్తకం పంపుహౌస్ గదిలో ఉన్నాయి. పని దినాల్లో సాయంత్రం నాలుగు తర్వాత ఎవరైనా వచ్చి చూడవచ్చు. కొన్న జాయింట్లు కూడా అక్కడే, కొలతలు రాసిన చీటీలతో అల్మారాలో ఉన్నాయి.

ఇట్లు,
సహాయ నిధి కమిటీ సభ్యులు