పెద్దలు కూర్చునే బెంచీలేవి?
నగరంలోని కాలనీ పార్కుల్లో పెద్దవాళ్లు కూర్చుని మాట్లాడుకునే వసతి లేక, ఏళ్లనాటి స్నేహాలు కూడా తెగిపోతున్నాయి. మోకాళ్లు అరిగి నడక మానేసిన మనిషి కబుర్లకైనా రావడం లేదు. రావాలన్నా చాలాచోట్ల ఉన్నవి వీపు ఆనడానికి వీల్లేని సిమెంటు దిమ్మెలు, పల్లంగా ఉండి కూర్చుంటే లేవలేనివి. పైగా అన్నీ ట్రాక్ వెంట ఒకే వరుస. వినికిడి తగ్గినవారు ఎదుటివారి పెదాలు చూస్తూ మాట పోల్చుకుంటారు. పక్కపక్కన కూర్చుంటే సగం మాట పోతుంది, రెండుసార్లు 'ఆఁ?' అని అడిగాక మొహమాటపడి ఊరుకుంటారు. ఫోన్లు ఉన్నాయిగా అంటారు పిల్లలు. సైబర్ మోసాల భయంతో పెద్దలు కొత్త నంబరు ఎత్తడమే మానేశారు, స్నేహితుడు సిమ్ మార్చాడంటే అంతే సంగతులు. ఓపెన్ జిమ్ముల మీద పెట్టే ఖర్చులో కొంత తీసి, ప్రతి పార్కులో గేటుకు దగ్గరగా, నీడపట్టున నాలుగు బెంచీలు వేయాలి: 18 అంగుళాల ఎత్తు, వీపుకు ఆనుడు, లేచేటప్పుడు పట్టుకోను చేతులు, రెండేసి ఎదురెదురుగా. పక్కనే తాళం వేయని మరుగుదొడ్డి ఉండాలి. అది లేకపోతే షుగరున్నవాళ్లు అరగంట కూడా కూర్చోలేరు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567ను గేటు బోర్డుపై పెద్ద అక్షరాల్లో రాయించాలి. చలికాలంలోనైనా పార్కులను మధ్యాహ్నం పూట మూయకూడదు.
– ఒక పాఠకురాలు, నల్లకుంట, హైదరాబాద్