మధుపర్కాలు మసకబారితే తప్పు ఫ్లాష్‌ది కాదు

సంపాదకుల వారికి,

పీటల మీద ఫొటోలు నల్లగా, రిసెప్షన్ ఫొటోల్లో మొహాలు సున్నం కొట్టినట్టు వస్తే చాలామంది ఫ్లాష్ పట్టుకుని కోఠిలో రిపేరుకు పరుగెత్తుతారు. ఫ్లాష్ బాగానే ఉంటుంది. టీటీఎల్ (లెన్సు గుండా వచ్చే వెలుతురును కొలిచి ఫ్లాష్‌ను తనంతట తానే సర్దే పద్ధతి) దూరాన్ని కొలుస్తుందనుకోవడమే పొరపాటు. షట్టర్ తెరుచుకునే ముందు చిన్న ప్రీ-ఫ్లాష్ వెలుగుతుంది. లెన్సు గుండా తిరిగొచ్చిన వెలుతురును బట్టి అసలు ఫ్లాష్ ఎంతసేపు వెలగాలో కెమెరా తేలుస్తుంది. (కొందరు ఆ ప్రీ-ఫ్లాష్‌కే కళ్లు మూసేస్తారు, అది వేరే బాధ.) ఎదురుగా ఉన్నదంతా మధ్యరకం బూడిద రంగేనని దాని నమ్మకం. అందుకే తెల్లటి మధుపర్కాలు ఫ్రేము నిండా ఉంటే వెలుతురు తగ్గించేస్తుంది, నల్ల సూటు కనబడితే పెంచేస్తుంది.

దీన్ని సరిదిద్దడానికే లెన్సు నుంచి దూరం తీసుకోవడం మొదలైంది. నికాన్ 1992లో డి రకం లెన్సులతో, కేనన్ 2004లో తన కొత్త రకం టీటీఎల్ అయిన ఈ-టీటీఎల్ 2తో ఈ పని చేశాయి. ఫోకస్ తిరిగినప్పుడు లెన్సు లోపల సన్నని బ్రష్ ఒక పట్టీ మీద జారుతూ దూరాన్ని మెట్లుమెట్లుగా చెబుతుంది. గైడ్ నంబరు (ఐఎస్ఓ 100 దగ్గర ఫ్లాష్ బలాన్ని మీటర్లలో చెప్పే అంకె) 40 ఉన్న ఫ్లాష్, ఐఎస్ఓ (సెన్సరు సున్నితత్వం) 400, లెన్సు రంధ్రం ఎఫ్/4, గ్రూపు 5 మీటర్లలో ఉందనుకోండి. పూర్తి శక్తిలో 16వ వంతు చాలు. ప్రీ-ఫ్లాష్ లెక్క దీనికి మరీ తేడాగా ఉంటే కెమెరాకు అనుమానం రావాలి.

కానీ ఫంక్షన్ హాల్లో మనం చేసేదేమిటి? ఫ్లాష్ తలను సీలింగు వైపు తిప్పుతాం. వెలుతురు ఎంత దూరం తిరిగి వస్తుందో కెమెరాకు తెలియదు కనుక లెన్సు చెప్పిన దూరాన్ని పక్కన పెట్టేస్తుంది. అప్పుడు చేత్తో దిద్దుకోవాల్సిందే: మధుపర్కాలకు ఫ్లాష్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్క మీద ఫ్లాష్ వెలుతురును మనం పెంచే, తగ్గించే అమరిక) ప్లస్ 0.7 నుంచి 1 దాకా, నల్ల సూటుకు మైనస్ 0.7 పెట్టి మొదలుపెట్టండి. స్లేవ్ సెన్సరుతో (వేరే ఫ్లాష్ వెలుగు చూసి తానూ వెలిగించే సెన్సరు) గొడుగు లైట్లు వాడేవారు కెమెరా మీది ఫ్లాష్‌ను మాన్యువల్‌లో పెట్టాలి. లేకపోతే అవి ప్రీ-ఫ్లాష్‌కే పేలి, అసలు ఫొటోకు ఖాళీగా ఉంటాయి.

పాత లెన్సులు అమ్మేవారికి ఒక మనవి. నికాన్‌లో డి రాకముందు ఆటోఫోకస్ లెన్సులు దూరం చెప్పవు; ఆ సంగతి చెప్పి అమ్మండి. కొనేవారు 2 మీటర్లకు ఒకటి, 5 మీటర్లకు ఒకటి ఫొటో తీసి, కంప్యూటర్‌లో ఎగ్జిఫ్ వివరాలు (ఫొటోతోపాటు కెమెరా దాచే సమాచారం) తెరవండి. ఫోకస్ దూరం రెండింటిలోనూ ఒకే అంకె చూపిస్తే ఆ బ్రష్ అరిగిందేమో చూపించాకే డబ్బు ఇవ్వండి.

— ఒక ఫొటోగ్రాఫర్, చిక్కడపల్లి, హైదరాబాద్