రాని పెన్షన్‌నూ జీతంలో కోస్తారా?

సంపాదకుల వారికి,

రిటైరైన వైద్య సిబ్బందిని కాంట్రాక్టు మీద మళ్లీ తీసుకుంటున్నారని పోయిన వారం మీ పత్రికలో చదివాను. వాళ్లకు జీతం ఎలా కడతారో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రిలో 34 ఏళ్లు నర్సుగా చేసి, రిటైరయ్యాక మళ్లీ డ్యూటీకెక్కినదాన్ని కాబట్టి నేను చెబుతాను.

2020 డిసెంబరు 9 నాటి కేంద్ర ఆర్థిక శాఖ ఉత్తర్వు ప్రకారం, రిటైరైన నాటి బేసిక్‌లోంచి బేసిక్ పెన్షన్ తీసేసి మిగిలిందే ఇస్తారు. డీఏ లేదు, ఇంక్రిమెంటు లేదు. నా బేసిక్ 70,000, పెన్షన్ 35,000. అంటే జీతం 35,000. అదైనా సర్దుకుపోదామంటే, కూతురి పెళ్లికి పెన్షన్‌లో 40 శాతం కమ్యూట్ చేసుకున్నాను, అంటే ఆ భాగానికి బదులు ముందే ఒకేసారి డబ్బు తీసుకున్నాను. అందుకుగాను నెలకు 14,000 పెన్షన్‌లో కోత పడుతోంది, 15 ఏళ్లు పడుతుంది కూడా. చేతికి రాని ఆ 14,000 కూడా వచ్చినట్టే లెక్కగట్టి, మొత్తం 35,000 బేసిక్‌లోంచి తీసేశారు! సెక్షన్‌లో గుమాస్తా పెన్సిల్‌తో లెక్క వేసి చూపించి, ‘‘రూలు అంతేనమ్మా’’ అన్నాడు. అతన్నేం అంటాను?

విరేచనాలతో వాడిపోయిన పసిపిల్లకు నరం దొరక్కపోతే, అర్ధరాత్రి రెండింటికి ‘‘మేడమ్, మీరొకసారి చూడండి’’ అని నన్నే పిలిచేవారు. లైటు కింద ఆ చిట్టి చెయ్యి తడిమి, సూది ఎక్కించి, ప్లాస్టర్ అంటించేదాకా ఊపిరి బిగబట్టుకునేదాన్ని. ఆ పని పెన్షన్ వచ్చేవాళ్లు చేస్తే సగం పని అవుతుందా?

2021 మేలో, కొవిడ్ రెండో వేవ్ మధ్యలో, 400 మంది రిటైరైన సైనిక వైద్యులను 11 నెలలకు పిలిచినప్పుడూ బేసిక్ పెన్షన్ తీసేసే ఇచ్చారు. అంతకు ఏడాది ముందు మార్చి 22 సాయంత్రం దేశమంతా చప్పట్లు కొట్టింది మాకోసమే.

పెన్షన్ దయాదానం కాదని, చేసిన సేవకు సంపాదించుకున్నదని పెన్షనర్లు వేసిన నకారా కేసులో సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న చెప్పింది. ఏటా అదే తేదీన పెన్షనర్ల దినం జరుపుతాం, అధికారులూ వస్తారు, శాలువాలు కప్పుతారు. ఈ రూలు సంగతి అడిగితే ఫైలు పైన ఉందంటారు. ఏ పైన? ఖాళీలు సకాలంలో నింపితే మమ్మల్ని పిలవాల్సిన అవసరమే రాదు కదా. పిలిచినప్పుడు కనీసం కమ్యూట్ చేసిన భాగాన్నయినా వదిలేయాలి.

కాంట్రాక్టు పొడిగిస్తామని నాకు మళ్లీ కాగితం వచ్చింది. సంతకం పెట్టలేదు. పిల్లల వార్డులో రాత్రికి ఇద్దరే సిస్టర్లున్నారని తెలిసి కూడా పెట్టలేదు. నాలుగు రోజులుగా నిద్ర పట్టడం లేదు.

– ఒక రిటైర్డ్ నర్సింగ్ ఆఫీసర్